లింబయ్య ఇవ్వాల్సిన మాఫీ

కోటగిరి పక్క పల్లె, బడి ఇంటి నుండి
1938 డిసెంబరు మొదట్లో

అక్క మౌలాబీకి తమ్ముడు మదార్ సలాములు.

నేను బాగానే ఉన్నాను. పండుగకు నువ్వు పంపిన సేమ్యా నేనూ, మా ఇంటి ఎలుకలూ పంచుకున్నాం. ఎవరి వాటా ఎక్కువో చెప్పను. ఈసారి డబ్బాకు మూత గట్టిదై ఉండాలి.

బడికి సగం మందే వస్తున్నారు. చెరుకు నరకడం మొదలైంది. బోధన్‌లో కొత్తగా పెట్టిన చక్కెర ఫ్యాక్టరీకి బండ్లు వరుసగా పోతుంటే వెనక నుంచి గడలు లాగడం నా లెక్కల పాఠం కంటే రుచిగా ఉంటుంది గదా. నిన్న బెత్తం పట్టుకొని రోడ్డు మీదికి పోయాను. పిల్లలు నాకే ఒక గడ ఇచ్చారు. తిన్నాను. ఇక బెత్తం ఎవరి మీద ఎత్తాలి?

ఇక్కడ ఒక గొడవ జరిగింది. బావ చెరుకు చూసుకోవడానికి వచ్చి నా దగ్గర పడుకొని పోయాడే, ఆ పొద్దుననే మా పిల్లకాలువ కట్టకు గండి పడింది. పక్కనున్న నాలుగైదు చెరుకు తోటలు నిండా తడిశాయి. బావ కౌలుకు తీసుకున్న తోట కూడా అందులో ఒకటి. నీళ్లు అక్కడ ఆగితే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ కింద ఈరవ్వ అనే ముసలమ్మ నారుమడి ఉంది. అప్పుడప్పుడే పచ్చగా లేచిన నారు మట్టితో సహా కొట్టుకుపోయింది. భర్త లేని మనిషి. ఆమె పొలం అంతా ఆ నారు మీదే ఆశ పెట్టుకొని ఉంది.

గండి ఎవరు కొట్టారో తెలియదు. అందుకని అందరూ కలిసి లింబయ్యను పట్టుకున్నారు. లింబయ్య మా ఊరి నీరడి. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ల వంతో చూసి తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. తాతల నాటి నుంచి ఆ ఇంటి పని అది. మనిషి నోరు మాత్రం మంచిది కాదు. నా బడిని కాకుల గూడు అంటాడు. ఆయనతో తగవు పడని ఇల్లు ఊళ్లో లేదు. అందుకే చావడిలో బాలనర్సయ్య పటేలు "పండుకున్నవా, లేకుంటే నీళ్లు ఎవనికన్న అమ్ముకున్నవా" అని అడిగినప్పుడు ఆయన పక్కన నిలబడ్డవాళ్లు లేరు. లింబయ్య తాను నిద్రపోలేదని, అమ్ముకోలేదని ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. నీరడి పని తీసేశారు.

ఇదంతా బావకు కూడా చదివి వినిపించు. ఆయన తోట పక్కన జరిగిందే గదా.

నీ తమ్ముడు
మదార్


నిజామాబాద్, మన దుకాణం నుండి

చిరంజీవి మదార్‌కు అక్క దువా.

నీకు పెళ్లి చేస్తే గానీ ఆ ఎలుకలు పోవు. కోటగిరిలో ఒక సంబంధం ఉందని విన్నాను, తరువాత రాస్తాను.

చలి ముదిరింది. బొంతలకు గిరాకీ ఎంత ఉందంటే మీ బావ విల్లు పట్టి దూది ఏకడం, నేను కుట్టడం తప్ప మాకు వేరే లోకం లేదు. అన్నం వడ్డిస్తే అందులోనూ దూది. పక్కింటి ప్రమీలమ్మ నన్ను చూసి "మౌలాబీ, నీ జుట్టు తెల్లవడ్డదా, దూదా" అని అడిగింది. దూదే అని చెప్పాను. సగం అబద్ధం.

నీ ఉత్తరం ఎప్పటిలాగే మీ బావ దూది ఏకుతుంటే పైకి చదివాను. ఆయనకు అక్షరం రాదు గానీ నీ ఉత్తరమంటే నాటకం చూసినట్టు వింటాడు. ఎలుకల దగ్గర గట్టిగా నవ్వాడు. గండి సంగతి చదువుతుంటే సగంలోనే లేచి మసీదుకు బయలుదేరాడు. ఇంకా వేళ కాలేదని నేనంటే, ముందుగా పోతే తప్పా అని పోయాడు.

ఇది నీకు చెప్పాల్సిన సంగతే. మీ బావ మారిపోయాడు. ఐదు పూటల నమాజూ మసీదులోనే. తెల్లవారుజామున ఫజర్‌కు ఇన్నేళ్లుగా నేను లేపీ లేపీ గొంతు పోగొట్టుకున్నాను గదా, ఇప్పుడు ఆయనే నన్ను లేపుతున్నాడు. మసీదుకు కొత్త చాపలు తెచ్చి వేశాడు. దర్గాకు చాదర్ ఇచ్చాడు. ముల్లా సాబు నన్ను చూసి, అమ్మా నీ ఇంటికి అల్లా దయ వచ్చిందన్నాడు. మీ ఊరి నీళ్లలో ఏముందో గానీ, అక్కడికి వచ్చి పోయినప్పటి నుంచే ఈ మార్పు.

ఇక నీ లింబయ్య సంగతి. చదివి నాకు ఒళ్లు మండిపోయింది. నోరు చెడ్డదని మనిషిని దొంగను చేస్తారా? మన బాపు చెప్పేవాడు గుర్తుందా? నమాజు తప్పితే అల్లాను బతిమాలుకోవచ్చు, ఆయన దయగలవాడు. కానీ తోటి మనిషికి నష్టం చేస్తే ఆ మనిషి గడపకే పోయి అడగాలి, ఆ మనిషి హక్కును అల్లా కూడా అతని బదులు మాఫ్ చేయడు, అనేవాడు. ఆ గండి కొట్టినవాడు ఎవడైనా సరే, చావడిలో నలుగురి ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఈరవ్వకు నారు తెచ్చి ఇవ్వాలి. ఎవరైనా చూసి నోరు మూసుకొని ఉంటే, వాడు సగం గండి తాను కొట్టినట్టే. నువ్వు చదువుకున్నవాడివి, ఊళ్లో ఉన్నవాడివి. కూర్చొని చెరుకు తింటే సరిపోదు, ఏదైనా చెయ్యి.

అక్క
మౌలాబీ


కోటగిరి పక్క పల్లె

అక్కకు సలాం.

ఈ ఉత్తరం పైకి చదవకు. ముందు నువ్వొక్కదానివే చదువుకో. తరువాత నీ ఇష్టం.

పోయిన ఉత్తరంలో నేను ఒకటి దాచాను. పేరుకు నీకు రాశాను గానీ, అది బావ చెవిన పడాలనే రాశాను. నువ్వు పైకి చదువుతావని నాకు తెలుసు. విని ఆయనంతట ఆయనే లేచి వస్తాడనుకున్నాను. లేచాడు, కానీ మసీదు వైపు పోయాడు.

ఆ పొద్దున ఫజర్‌కు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుందామని కాలువకు పోయాను. మంచు ఉంది. మనిషిని ఆనవాలు పట్టలేనంత మంచు కాదు. బావ కట్ట మీద వంగి, పారతో మట్టి తీసి తెగిన చోట వేస్తున్నాడు. వేసింది వేసినట్టే పోతున్నది. తెగిన చోటు ఆయన కళ్ల ముందే వెడల్పవుతున్నది. పిలుద్దామని నోరు తెరిచేలోపు ఆయన పార కడిగి, అటూ ఇటూ చూసి, గబగబా ఊళ్లోకి నడిచాడు. నేను ఇల్లు చేరేసరికి కాళ్లు కడుక్కుంటున్నాడు.

ఏమైంది బావా అని అడిగాను.

"కాలు జారిందిరా, కాలువల పడ్డ. నిజామాబాద్ బస్సు ఎప్పుడున్నది?" అన్నాడు.

చాయ్ కూడా తాగలేదు. అప్పటికి ఈరవ్వ నారు పోయిన సంగతి నాకు తెలియదు. తెలిసేసరికి చావడిలో లింబయ్య తల వంచుకొని నిలబడి ఉన్నాడు. పంతులునని నాకు పీట వేశారు. ఆ పీట మీద కూర్చొని అంతా విన్నాను. వేరే ఎవరైనా అయితే చెప్పేవాణ్ణేమో. బావ అని ఆగిపోయాను.

చూసి నోరు మూసుకున్నవాడి గురించి నువ్వు రాసింది చదివి ఆ పూట బడికి సెలవిచ్చాను. పిల్లలు చాలా సంతోషించారు.

బోధన్ సంత మరునాడు పటేలు కొత్త నీరడిని పెడతాడట. ఆ తరువాత లింబయ్యకు ఇక్కడ చేసేందుకు ఏమీ ఉండదు. అక్కా, మనిషి పేరు తెలియకముందు నువ్వు తీర్పు చెప్పావు. పేరు తెలిసినా అదే తీర్పా? నాకు తెలియాలి.

మదార్


నిజామాబాద్

మదార్‌కు,

మంచులో ఎవరు ఎవరో నీకెట్లా తెలుసు? చిన్నప్పుడు నువ్వు పక్కింటి ఎద్దును చూసి బాపు అనుకున్నవాడివి.

ఒకవేళ నిజమే అనుకుందాం. తోటివాడి తప్పు మీద పర్దా వేయమని కూడా మన మతంలో ఉంది. బాపు అది కూడా చెప్పాడు. నీకు ఒకటే గుర్తుందా? సొంత అక్క మొగుణ్ణి చావడిలో నిలబెడతావా?

రోజులు కూడా మంచివి కావు. పట్నంలో ఒక మాట అంటే అది పది నోళ్లు తిరిగి ఇంకేదో అయి వస్తున్నది. "తురకోడు కట్ట తెంపిండు" అన్నారనుకో, అది మీ బావ ఒక్కడి మీద ఆగుతుందా? నువ్వు ఆ ఊళ్లో మళ్లీ బడి చెప్పగలవా? మా దుకాణానికి వచ్చేవాళ్లంతా హిందువులే గదా. లింబయ్య ఎటూ ఎవరికీ గిట్టని మనిషని నువ్వే రాశావు. నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు.

ఆయనకు నేను ఏమీ చదవలేదు. నువ్వూ ఏమీ చేయకు.

ఆ చాపలు ఎందుకు తెచ్చాడో ఇప్పుడు తెలిసింది. ఇది రాయొద్దనుకున్నాను. రాశాను.

మౌలాబీ


కోటగిరి పక్క పల్లె

అక్కా,

దువా లేకుండా నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇది. ఎద్దు సంగతి మాత్రం నిజమే. కానీ ఆ ఎద్దు నిజంగా బాపులాగే నడిచేది.

పర్దా గురించి రాశావు. నేనూ రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. ఒకడు తాగి ఇంట్లో పడుకున్నాడనుకో, వాణ్ణి వీధిలోకి ఈడ్చవద్దు. ఆ తప్పు వాడి దగ్గరే ఉంది, వాడూ అల్లా చూసుకుంటారు. బావ తప్పు ఇప్పుడు బావ దగ్గర లేదు, లింబయ్య నెత్తి మీద ఉంది. దాని మీద పర్దా వేస్తే కింద ఊపిరాడక పోయేది లింబయ్య.

నిన్న ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య బట్టలు మూట కడుతున్నది. బోధన్‌లో బండ్ల నుంచి చెరుకు దించే కూలికి పోతారట. నన్ను చూసి లింబయ్య లేవలేదు.

"ఏం పంతులూ, కాకులన్ని ఎగిరిపోయినయా?" అన్నాడు.

పలకరించి పోదామని వచ్చానన్నాను.

"పలకరించేటోనివి చావడికాడ పలకరియ్యకపోయినవా? ఆడ నోట్లె ఏమున్నది, చెరుకు గడనా?"

నువ్వు అనాల్సిందంతా ఆయనే అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవి ఆడవాళ్లకు రాసే మాటలు కావు. నేను ఆయన కోసం తీసుకుపోయిన పల్లికాయలు తిరిగి నా చేతిలోనే పెట్టాడు. నిజంగా గిట్టని మనిషే అక్కా. ఆయనంటే నాకిప్పుడు కూడా ఇష్టం లేదు. ఇష్టం లేని మనిషికి హక్కు ఉండదని మాత్రం బాపు ఎక్కడా చెప్పలేదు.

నువ్వు భయపడే మాటకు నేనూ భయపడుతున్నాను. కానీ రేపు ఇంకొకరు బయటపెడితే, ఇంటిల్లిపాదీ కలిసి దాచారంటారు. అప్పుడు నిజంగానే అది బావ ఒక్కడి మీద ఆగదు.

సంత మరునాడు చావడిలో నేను చెప్తాను. బావ వస్తే ఆయనే చెప్పుకుంటాడు, నేను పక్కన నిలబడతాను. రాకపోతే నేనొక్కణ్ణే. ఆ తరువాత నువ్వు నాతో మాట్లాడకపోతే నేను చేసేదేమీ లేదు. ఉత్తరాలు మాత్రం రాస్తూనే ఉంటాను, చించి పారేసుకో.

మదార్


నిజామాబాద్

తమ్ముడు మదార్‌కు అక్క దువా.

నీ రెండు ఉత్తరాలూ నిన్న మధ్యాహ్నం పైకి చదివాను. ఎప్పుడూ చదివినట్టే, ఆయన ఎదురుగా కూర్చొని. ఏమీ చెప్పకుండానే మొదలుపెట్టాను.

వజూ దగ్గర ఆయన విల్లు కొంచెం నెమ్మదించింది. పార కడిగాడన్న చోట ఆగిపోయింది. ఆ తీగ మోత ఆగితే మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకిన్నాళ్లు తెలియదు. నేనూ ఆపాను. ఆపకు, చదువు అన్నాడు. లింబయ్య నీ పల్లికాయలు తిరిగి ఇచ్చిన దాకా చదివాను. కనుబొమల మీద, మీసాల మీద అంతా దూది. ఒక్క గంటలో ముసలివాడైపోయినట్టు కనబడ్డాడు.

"జర్రంతనే తెంపిన," అన్నాడు. "కొత్తగ పెట్టిన చెరుకు ఎండిపోతున్నది. నా వంతు ఇంక దూరమున్నది. తడిపి మూసేద్దామనుకున్న. నీళ్లు నా మాట ఇనలే."

నేను ఉత్తరాలు మడిచి పక్కన పెట్టాను.

"అందుకే గద నమాజు జేస్తున్న. అల్లా సూస్తున్నడు గద."

అప్పుడు నాకు ఆగలేదు. "అల్లాకు నువ్వేం నష్టం జేసినవ్? ఆయనకు నీళ్లు తక్కువ వడ్డయా? లింబయ్యకు జేసినవ్, ఈరవ్వకు జేసినవ్. మసీదుల చాపలు పరిస్తే ఈరవ్వ మడిల నారు మొలుస్తదా?" అన్నాను.

చాలాసేపు దూది ఉండను చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. నాకు చెప్పి ఉంటే బాగుండేది గదా అని అడిగాను. చెబితే నువ్వు పంపిస్తవని భయమయింది అన్నాడు. కోపంలో ఉన్నాను గానీ ఆ మాటకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

నా సంగతి కూడా చెప్పాలి. పేరు తెలియనప్పుడు తీర్పు చెప్పడం నాకు బొంత కుట్టినంత తేలికైంది. పేరు తెలిశాక ఎద్దు గురించి రాశాను. నువ్వు నవ్వకు.

ఆయన రేపటి బస్సుకు వస్తున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. నన్నూ రమ్మన్నాడు. "నేనొస్తే నీ బదులు నేనే మాట్లాడుత. గది నువ్వు తప్పొప్పుకునే తౌబా కాదు, నా లొల్లి అయితది" అన్నాను. ఒప్పుకున్నాడు. చావడిలో ఆయన గొంతు పోతుంది, నాకు తెలుసు. కొంచెం దగ్గరగా నిలబడు. నీళ్లు పెట్టు.

మౌలాబీ


కోటగిరి పక్క పల్లె

అక్కకు సలాములు.

నువ్వు అన్నట్టే గొంతు పోయింది. చెంబు నిండా నీళ్లు పెట్టాను, మొత్తం తాగి, మళ్లీ అడిగాడు. బాలనర్సయ్య పటేలు బావ బొంతలు అమ్మడానికి వచ్చాడనుకున్నాడో ఏమో, ఇది సమయం కాదన్నాడు. అప్పుడు బావ లేచి ఒకే ఊపులో చెప్పేశాడు.

"కట్ట తెంపింది నేను. లింబయ్య గాదు. చెరుకుకు నీళ్లు గావాలని తెంపిన, మూయరాలే, భయపడి ఉరికిన. ఈరవ్వ నారు నా చేతులతోటి పోయింది."

నేను కూడా లేచి, నేను చూశానని, చూసి కూడా ఆ పీట మీదే కూర్చున్నానని చెప్పాను. చావడిలో ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. ఇన్నాళ్లు లింబయ్యను అన్న మాటలు అందరికీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి.

నువ్వు భయపడిన మాట కూడా వచ్చింది. వెనక నుంచి ఒకడు తురకోల్లకు కౌలుకిస్తే గిట్లనే అయితదన్నాడు. దానికి జవాబు నేను చెప్పలేదు, బావ చెప్పలేదు. లింబయ్య చెప్పాడు.

"నన్ను దొంగ అన్ననాడు అందరు మనోల్లే గద. నువ్వు సుత అన్నవ్. ఊకో."

వాడు ఊరుకున్నాడు. లింబయ్య నోరు పనికి రావడం నేను చూసింది అదే మొదలు.

పటేలు గడ్డం గోక్కొని, నీరడి పని నీదే లింబయ్యా అన్నాడు. లింబయ్య అంత తేలికగా తీసుకోలేదు. ఏ చావడిలో తీసేశారో అదే చావడిలో, తప్పు మాది అని అనాలన్నాడు. పటేలు అన్నాడు. కొంచెం నెమ్మదిగా అన్నాడు గానీ అన్నాడు. లింబయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టి మళ్లీ అనిపించుకున్నాడు.

బావ ఆయన ముందుకు పోయి, నన్ను మాఫ్ చెయ్యి అన్నాడు. లింబయ్య ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు.

"మాఫీ గీఫీ తర్వాత. కట్ట మీద కంప గుచ్చి పెట్టిన, గది ఎన్నొద్దులు ఆగుతది? పార పట్టుకొని రా. పంతులూ, నువ్వు గూడ."

ఈరవ్వ మూలన కూర్చొని అంతా విన్నది. బావ ఆమె దగ్గరికి పోతే, "నాకు నీ మాఫీలు వద్దు బిడ్డా, నారు గావాలె" అన్నది.

అందుకని బావ ఇక్కడే ఉన్నాడు. పొద్దున కట్ట పని, సాయంత్రం నారు కోసం ఇల్లిల్లూ తిరగడం. ప్రతి ఇంటి ముందూ నిలబడి తాను ఎవరో, ఏం చేశాడో మొదటి నుంచి చెప్పి, మీ మడిలో మిగిలే నారు ఈరవ్వకు ఇవ్వమని అడుగుతున్నాడు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు ఇస్తామన్నారు. తురకోల్ల మాట అన్నవాడు మాత్రం అడగకముందే ఇస్తానన్నాడు. నేను బడి అయ్యాక పార పడుతున్నాను. నా చేతులకు బొబ్బలు లేచాయి. బలపం పట్టుకోలేక పిల్లలతోనే రాయిస్తున్నాను.

మదార్


నిజామాబాద్

తమ్ముడికి దువా.

ఆయన్ని పంపిస్తావా, నీ దగ్గరే ఉంచుకుంటావా? నెల తిరిగి వస్తున్నది. దూది ఏకే పని నేనే చేస్తున్నాను. మొదటి రోజు విల్లు నా చెంప మీద కొట్టింది, రెండో రోజు నేను దాన్ని కొట్టాను, ఇప్పుడు సర్దుకున్నాం. గిరాకీ పోలేదు. ప్రమీలమ్మకు సంగతి నేనే చెప్పాను, ఎవరో చెప్పేదాకా ఎందుకని. విని, మా ఆయన అయితే వచ్చి ఒప్పుకునేటోడు కాదు అన్నది. రెండు బొంతలు కుట్టమని చెప్పి పోయింది.

ముల్లా సాబు, మీ ఆయన ఈ మధ్య మసీదుకు రావడం లేదేమని అడిగాడు. పొలంలో ఉన్నాడని, ఈరవ్వ నారు కోసం తిరుగుతున్నాడని జరిగిందంతా చెప్పాను. ఆయన విని, అయితే సరైన చోటనే ఉన్నాడు, నమాజు అక్కడ చేసుకొమ్మను అన్నాడు.

ఆయన ఏం తింటున్నాడు? నువ్వు వండితే వద్దు. జొన్న రొట్టెలు పంపుతున్నాను, పచ్చడి కూడా. లింబయ్య ఇంటికి కూడా పంపు. పారేసినా పరవాలేదు, పంపు. మాఫ్ చేశాడా లేదా?

మౌలాబీ


కోటగిరి పక్క పల్లె
1939 జనవరి చివర

అక్కకు సలాములు.

బావ రేపు బయలుదేరుతున్నాడు. బక్రీదుకు ఇంట్లో ఉంటాడు.

నిన్న ఈరవ్వ పొలంలో నాట్లు అయిపోయాయి. నారు ఎన్ని ఇళ్లదో, రంగు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంది. ఈరవ్వ గట్టు మీద కూర్చొని, ఆ మూల పలుచగా ఉంది, ఈ మూల దగ్గరగా ఉంది అని సాయంత్రం దాకా తప్పులు పట్టింది. నాటేవాళ్లు విసుక్కున్నారు. బావ మాత్రం ఎక్కడ చూపిస్తే అక్కడికి పోయి సరిచేశాడు. చివరకు ఆమె, ఇగ చాలు తియ్ అన్నది.

నీ రొట్టెలు లింబయ్య పారేయలేదు. పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని చెప్పమన్నాడు. గిన్నె మాత్రం నాకి ఇచ్చినంత శుభ్రంగా వచ్చింది.

మాఫీ సంగతి నాకు తెలియదు. కట్ట పని జరిగినన్ని రోజులూ బావను తిడుతూనే ఉన్నాడు. పార ఎట్లా పట్టుకోవాలో తెలియని మనిషివి కట్ట ఎట్లా తెంపినవని అడిగాడు. నాట్లు అయ్యాక ఇద్దరూ తూము దగ్గర నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. నేను దూరంగా ఉన్నాను. ఏమన్నాడని దారి పొడుగునా అడిగాను, బావ చెప్పలేదు. ఇంటికి పోయి నీకే చెప్తానన్నాడు. నాకు కూడా రాయి.

మదార్


నిజామాబాద్

చిరంజీవి మదార్‌కు అక్క దువా.

మీ బావ వచ్చాడు. ఎండకు నల్లబడి, సగమై వచ్చాడు. నేను గుర్తుపట్టానులే, మంచు లేదు. పచ్చడిలో ఉప్పు సంగతి లింబయ్యకు నేనే వచ్చి జవాబు చెప్తాను.

అన్నం తింటూ చెప్పాడు. తూము దగ్గర ఆఖరుసారి అడిగాడట, మాఫ్ చేసినవా అని. లింబయ్య నీళ్ల వైపే చూస్తూ, "నేనైతే మరిచిన. నువ్వు మరువకు" అన్నాడట.

మీ బావ ముద్ద చేతిలో పట్టుకొని నన్ను అడిగాడు, "గది మాఫ్ జేసినట్టేనా, కానట్టా?"

నాకేం తెలుసు? ఆయన్నే అడగకపోయావా అన్నాను.

"అడిగిన."

ఏమన్నాడు అన్నాను.

"మంగళారం నీ వంతు, పొద్దుగాల తూముకాడికి రా, నీళ్లు ఇడుస్త అన్నడు."

సోమవారం బస్సుకు ఆయన్ని పంపుతున్నాను.

అక్క
మౌలాబీ